ఒకే కాలువ కింద రెండు ఆయకట్లు

సాధారణ ల్యాప్‌టాప్ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున మొత్తం 20,73,600 చుక్కలు ఉంటాయి. పిక్సెల్ అని పిలిచే ఈ చుక్క రంగును గుర్తుపెట్టుకోవడానికి 4 బైట్ల చోటు కావాలి కాబట్టి ఒక నిండు తెర బొమ్మకు దాదాపు 83 లక్షల బైట్లు పడతాయి; కదలిక కంటికి తొట్రుపాటు లేకుండా అందాలంటే ఆ బొమ్మను సెకనుకు 60 సార్లు చూపించవలసి ఉంటుంది గనుక, తయారైన బొమ్మను తెరకు చేరవేయడానికే సెకనుకు దాదాపు 50 కోట్ల బైట్లు మెమరీ నుంచి కదలాలి. బొమ్మను తయారు చేయడానికి అయ్యే శ్రమ దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ, ఎందుకంటే ఏ వస్తువు ముందుంది, ఏది దాని చాటున దాగింది, వెలుతురు ఏ పక్క నుంచి పడుతోంది అన్నవి తేల్చడానికి ఒకే చుక్కను పలుమార్లు చదివి, చెరిపి, తిరిగి రాయవలసి వస్తుంది.

ఈ లెక్కల్లో ఏ ఒక్కటీ కష్టమైనది కాదు, కాని ఒకే రకం లెక్క లక్షల చుక్కలకు ఏకకాలంలో జరగాలి. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు అనుభవం పండిన మేస్త్రి వంటిది. ఎంత చిక్కుపనినైనా చక్కబెడుతుంది గాని ఒకేసారి చేయగలిగిన పనులు కొద్ది. గ్రాఫిక్స్ ప్రాసెసరు సార్వా మడిలో నాట్లు వేసే ముఠా వంటిది. వరుసగా నిలబడి, అందరూ ఒకే పనిని ఒకే వేగంతో చేస్తూ వెనక్కి నడిచే ఆ ముఠాలో ఏ ఒక్కరి పనీ అబ్బురం అనిపించదు, పూట గడిచేసరికి మడి మాత్రం పచ్చబడుతుంది. అయితే ఎంత పెద్ద ముఠా వచ్చినా మడిలో నీరు నిలవకపోతే నాట్లు సాగవు. కృష్ణా డెల్టాలోని పామర్రు చుట్టుపక్కల వ్యవసాయం తెలిసిన పాఠకులకు ఈ అధ్యాయంలోని అసలు విషయం ఇక్కడే సగం అర్థమై ఉంటుంది.

బల్ల మీది కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు అనేది విడిగా చేతిలోకి తీసుకోగలిగిన వస్తువు. దాని మీద గ్రాఫిక్స్ చిప్పు, ఆ చిప్పుకు మాత్రమే చెందిన మెమరీ, దాన్ని చల్లబరచే ఫ్యాను ఉంటాయి. మదర్‌బోర్డు మీది పొడవాటి స్లాటులోంచి పాతదాన్ని లాగి కొత్తదాన్ని దించితే మార్పిడి పూర్తవుతుంది. ఈ కార్డు ఖర్చును, చోటును ఆదా చేయడానికి గ్రాఫిక్స్‌ను మదర్‌బోర్డులోనే కలిపే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఇంటెల్ సంస్థ 1999లో తెచ్చిన 810 చిప్‌సెట్‌లో బొమ్మలు గీసే భాగం ప్రాసెసరు పక్కనుండే సహాయక చిప్పులో ఇమిడింది. 2010 జనవరిలో వచ్చిన మొదటి తరం కోర్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో అది ప్రాసెసరు ఉన్న పొట్లంలోకే చేరింది. 2011లో శాండీ బ్రిడ్జ్ రాకతో రెండూ ఒకే సిలికాన్ బిళ్ల మీద చెక్కబడ్డాయి. 2006లో ఏటీఐ సంస్థను కొన్న ఏఎండీ కూడా 2011 నాటికి ఇదే దారిలోకి వచ్చింది. ఇటువంటి ఏర్పాటునే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అంటారు, తెలుగులో అంతర్నిర్మిత గ్రాఫిక్స్ అనుకోవచ్చు.

కాబట్టి విడి గ్రాఫిక్స్ లేని ల్యాప్‌టాప్‌ను తీసుకువెళ్లి గ్రాఫిక్స్ కార్డు మార్పించాలనుకునేవారు తెలుసుకోవలసిన మొదటి సంగతి, అందులో మార్చడానికి కార్డంటూ లేదన్నదే. బొమ్మలు గీసే భాగాన్ని తీయడమంటే ప్రాసెసరునే తీయడం. 2013 నాటి నాలుగో తరం వరకు కొన్ని ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసరు సాకెట్‌లో కూర్చునేది, దాన్ని తీసి అదే తరంలోని మెరుగైన ప్రాసెసరు పెట్టే వీలుండేది. ఆ తర్వాత ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ అడుగుభాగాన ఉండే వందలాది సన్నని టంకపు గోళీలతో బోర్డుకు అతికినవే. ఆ గోళీలను వేడి గాలితో కరిగించి చిప్పును ఊడదీసి, కొత్త గోళీలు పెట్టి అతికించే రీబాలింగ్ యంత్రాలు నగరాల్లోని మరమ్మతు దుకాణాల్లో కనిపిస్తాయి గాని, ఆ పనితనం చెడిన చిప్పు చోట అదే రకం చిప్పును కూర్చోబెట్టడానికి పుట్టింది. విడి గ్రాఫిక్స్ చిప్పు అసలే లేని బోర్డు మీద దాన్ని పెట్టడానికి చోటు, దానికి విద్యుత్తు అందించే భాగాలు, దాన్ని గుర్తించే ప్రారంభ ప్రోగ్రాము, దాని వేడిని మోసే రాగి గొట్టం ఏవీ ఉండవు. పలుచని ల్యాప్‌టాప్ ప్రాసెసరు సాధారణంగా 15 వాట్ల వేడికి లెక్కగట్టి చేసినది, దాని అడాప్టరు 45 లేదా 65 వాట్లది. విడి గ్రాఫిక్స్ చిప్పు ఒక్కటే సాధారణంగా 35 వాట్ల నుంచి 100 వాట్లకు పైగా కోరుతుంది. ల్యాప్‌టాప్‌లలోనూ విప్పి మార్చుకోగలిగే కార్డు ఉండాలన్న ఆశతో 2004లో ఎన్విడియా సంస్థ ఎంఎక్స్‌ఎం అనే ప్రమాణాన్ని తెచ్చింది గాని, అది బరువైన, ఖరీదైన యంత్రాలకే పరిమితమైంది. యంత్రం ఎంత పలచనైతే అంత మేలనుకునే మోజు కొనుగోలుదారుల చేతిలోంచి మరమ్మతు హక్కును ఎంతగా లాగేసుకుందో చెప్పడానికి ఈ ప్రమాణం దాదాపు కనుమరుగు కావడమే పెద్ద ఉదాహరణ, అది విచారించదగిన విషయం కూడా.

కార్డు మారదు గాని, ఆ కార్డు పనిని చేస్తున్న భాగానికి అందే నీటిని పెంచే వీలు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి కాలువల లెక్క ఎంతో అనువైనది. 1855లో పూర్తయిన ఆనకట్టతో మొదలై, దాని చోట 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీతో కొనసాగుతున్న కృష్ణా డెల్టా సేద్యంలో నదిలో నీరెంత ఉన్నదన్నది ఒక ప్రశ్న, ఆ నీరు బందరు కాలువలోనో రైవస్ కాలువలోనో సెకనుకు ఎంత పారుతున్నదన్నది మరో ప్రశ్న. జలాశయం నిండుగా ఉన్నా కాలువ ఇరుకైతే శివారు భూములకు తడి అందదు. కంప్యూటరులోనూ ర్యామ్ ఎన్ని జీబీలు అన్నది జలాశయం లెక్క; ఆ ర్యామ్ నుంచి సెకనుకు ఎన్ని జీబీలు పారగలవన్నది కాలువ లెక్క, దీన్నే బ్యాండ్‌విడ్త్ అంటారు. దుకాణంలో అందరూ మొదటి లెక్కే అడుగుతారు, గ్రాఫిక్స్ విషయంలో ఎక్కువసార్లు అడ్డుపడేది రెండోది.

విడి కార్డులో గ్రాఫిక్స్ చిప్పుకు సొంత మెమరీ ఉంటుంది, అంటే మడి పక్కనే సొంత బోరు ఉన్నట్టు. ల్యాప్‌టాప్‌లలో వాడే ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 చిప్పుకు తన మెమరీ నుంచి సెకనుకు 192 జీబీల ప్రవాహం అందుతుంది. అంతర్నిర్మిత గ్రాఫిక్స్‌కు బోరు లేదు. ప్రధాన ప్రాసెసరు వాడుకునే ర్యామ్ కాలువ మీదే అదీ ఆధారపడాలి. ఒకే కాలువ కింద రెండు ఆయకట్లు ఉండి, రెండింటికీ నాట్ల సమయం ఒకేసారి వస్తే వంతుల వారీగా నీరు వదలవలసినట్టే ఇక్కడా ఒకరు ఆగితేగాని మరొకరికి అందదు. డీడీఆర్4 రకం, 3200 వేగం గల ర్యామ్ బిళ్ల ఒక్కటే ఉంటే ఆ కాలువ సామర్థ్యం సెకనుకు 25.6 జీబీలు. పైన చెప్పిన విడి చిప్పు బోరుతో పోలిస్తే ఇది ఏడో వంతు కూడా సరిగా రాదు, అందులోంచే ప్రాసెసరు వాటా పోవాలి. చవక ల్యాప్‌టాప్‌లో ఆట తడబడటానికి, పెద్ద బొమ్మను జూమ్ చేసినప్పుడు తెర ఆలస్యంగా స్పందించడానికి ముఠాలో మనుషులు తక్కువ కావడం ఒక కారణమైతే, ఉన్న ముఠా నీటి కోసం గట్టు మీద కూర్చోవలసి రావడం అంతకంటె పెద్ద కారణం.

ఈ కాలువను వెడల్పు చేసే మార్గం ర్యామ్ రెండో స్లాటులో మరో బిళ్ల పెట్టడం. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ర్యామ్ వైపు రెండు వేర్వేరు దారులుంటాయి. ఒక్క బిళ్లతో అమ్మిన యంత్రంలో ఒక దారి ఎండిపోయి ఉంటుంది. రెండో బిళ్ల చేరగానే రెండు దారులూ పారి, 25.6 కాస్తా 51.2 జీబీలవుతుంది. దీన్ని డ్యూయల్ ఛానెల్ అంటారు. ఉత్తరాలు టైపు చేసేవారికి ఈ మార్పు తెలియకపోవచ్చు, బొమ్మలతో పనిచేసేవారికి తప్పక తెలుస్తుంది. ఈ సంగతికి తయారీదారు నోటి సాక్ష్యం కూడా ఉంది. 2020లో 11వ తరం ప్రాసెసర్లతో ఇంటెల్ తెచ్చిన ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్‌లో 96 వరకు లెక్కల విభాగాలు ఉంటాయి, అంతకు ముందు విరివిగా అమ్ముడైన యూహెచ్‌డీ 620లో ఉన్నవి 24. అయినా ఐరిస్ ఎక్స్‌ఈ ఉన్న యంత్రంలో ర్యామ్ ఒకే దారిలో పారుతుంటే, అదే చిప్పును విండోస్‌లో ఆ పేరుతో కాక వట్టి యూహెచ్‌డీ గ్రాఫిక్స్‌గానే చూపిస్తారు. ఒక బిళ్ల చేర్చినంత మాత్రాన గ్రాఫిక్స్ పేరే మారిపోవడం ఆశ్చర్యంగా తోచవచ్చు, నీటి లెక్క తెలిసినవారికి తోచదు.

రెండో స్లాటు ఖాళీగా ఉందో లేదో తెలుసుకోవడానికి యంత్రాన్ని విప్పనక్కరలేదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ భాగంలో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో, ర్యామ్ ఏ వేగంతో నడుస్తోందో కనిపిస్తాయి. బిళ్ల కొనేటప్పుడు చూడవలసినది తరం. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాటులో మరొకటి దిగవు, దిగకుండా ఉండటానికే వాటి అంచున గాటును వేర్వేరు చోట్ల పెట్టారు. కొన్ని యంత్రాల్లో 4 లేదా 8 జీబీల ర్యామ్‌ను బోర్డుకే టంకం వేసి, పక్కన ఒక్క స్లాటు మాత్రం ఇస్తారు. అక్కడ అంతే పరిమాణం గల బిళ్ల పెడితే రెండు దారులూ సమంగా పారతాయి, అంతకంటె పెద్దది పెడితే సమానంగా ఉన్నంత మేరకే జంట ప్రవాహం, మిగిలినది ఒంటి ప్రవాహం. ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్ సాధారణంగా పూర్తిగా బోర్డుకే అతికి వస్తుంది కాబట్టి ఆ యంత్రం కొన్ననాటి స్థితిలోనే చివరివరకూ ఉంటుంది. కొనే ముందే అడిగి తెలుసుకోవలసిన విషయం ఇదొక్కటే అన్నా తప్పు లేదు.

ఇక్కడే మరో అపోహను తొలగించాలి. సెట్టింగుల్లో గ్రాఫిక్స్ మెమరీ 128 ఎంబీ అని కనిపించగానే దాన్ని పెంచితే బొమ్మల వేగం పెరుగుతుందని పలువురు అనుకుంటారు. ఆ 128 ఎంబీ యంత్రం వెలిగేటప్పుడు పక్కకు తీసిపెట్టే కనీసపు వాటా మాత్రమే. అవసరం పడినప్పుడు మొత్తం ర్యామ్‌లో సుమారు సగం వరకు గ్రాఫిక్స్ వాడుకోవడానికి విండోస్ వీలు కల్పిస్తుంది. వాటాను పెంచడం వల్ల కొన్ని ఆటలు మొదలవ్వడానికి అభ్యంతరం పెట్టకపోవచ్చు గాని, కాలువ అంగుళమైనా వెడల్పు కాదు.

వేడి గురించి కొంత చెప్పక తప్పదు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ ఒకే బిళ్ల మీద ఉండటం వల్ల కాలువనే కాక 15 వాట్ల వేడి పరిమితిని కూడా పంచుకుంటాయి. బిళ్ల మితిమీరి వేడెక్కితే రెండూ తమంత తామే వేగం తగ్గించుకుంటాయి. రోహిణి కార్తె ఎండల్లో, కోతల కాలపు ఊకదుమ్ములో, పరుపు మీద పెట్టుకుని వాడిన ల్యాప్‌టాప్ ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము చాపలా పేరుకుని గాలి ఆడనివ్వదు. ఫ్యానును శుభ్రం చేయించి, ఎండిపోయిన థర్మల్ పేస్టును, అంటే చిప్పుకూ రాగి గొట్టానికీ మధ్య వేడిని దాటించే లేహ్యం వంటి పదార్థాన్ని, కొత్తగా పూయిస్తే పోయిన వేగం చాలావరకు తిరిగొస్తుంది. కొత్త భాగమేదీ చేరకపోయినా ఇదీ మెరుగుదలే.

అంతర్నిర్మిత గ్రాఫిక్స్ ఈ స్థాయికి రావడం వెనుక ఒక తెలుగు ఇంజినీరు పాత్ర కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన రాజా కోడూరి 1990ల్లో ఎస్3 సంస్థలో గ్రాఫిక్స్ చిప్పుల పనిలో చేరి, 2001లో ఏటీఐకి, దాని విలీనంతో ఏఎండీకి, 2009లో యాపిల్‌కు వెళ్లి, 2013లో ఏఎండీకి తిరిగివచ్చి, 2015లో అక్కడ గ్రాఫిక్స్ విభాగాధిపతి అయ్యారు. 2017 నవంబరులో ఆయన ఇంటెల్‌లో చేరారు. సరిగ్గా ఆ నెలలోనే ఇంటెల్ ప్రాసెసరు, ఏఎండీ గ్రాఫిక్స్, ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ కలిసి ఒకే పొట్లంలో ఉండే చిప్పు వెలువడుతుందన్న ప్రకటన వచ్చింది. 2023లో ఆయన ఆ సంస్థను విడిచేలోగా ఐరిస్ ఎక్స్‌ఈ, దాని వెనుకే 2022లో ఆర్క్ పేరిట ఇంటెల్ విడి కార్డులు బజారుకు వచ్చాయి.

లోపల చోటు లేకపోతే బయట పెట్టవచ్చు కదా అన్న ఆలోచన సహజమైనదే. 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 అనే అనుసంధానం టైప్-సీ రంధ్రం గుండా సెకనుకు 40 గిగాబిట్లు, అంటే 5 జీబీలు మోస్తుంది. దానికి ఒక బయటి పెట్టెను తగిలించి, అందులో బల్ల కంప్యూటరుకు వాడే కార్డును కూర్చోబెట్టవచ్చు. అదే కార్డు బల్ల కంప్యూటరులోని మూడో తరం పూర్తి వెడల్పు స్లాటులో ఉంటే దాదాపు 16 జీబీల దారి దొరికేది. మూడో వంతుకు కుదించిన దారితోనూ కార్డు పనిచేయగలగడానికి కారణం దాని బోరు దానితోనే ఉండటం. భారీ ప్రవాహమంతా కార్డు లోపలే తిరుగుతుంది, తీగ గుండా ఆదేశాలు, బొమ్మల ముడిసరుకు మాత్రమే వస్తాయి. గీసిన బొమ్మను తిరిగి ల్యాప్‌టాప్ తెరకే పంపిస్తే ఆ ఇరుకు దారిలో ఎదురుప్రయాణం మొదలవుతుంది కాబట్టి, మానిటరును కార్డుకే నేరుగా తగిలించడం మేలు. టైప్-సీ రంధ్రం ఉన్న ప్రతి ల్యాప్‌టాప్‌కూ ఈ వీలు ఉండదు. రంధ్రం పక్కన మెరుపు గుర్తు ఉందో లేదో, తయారీదారు ఇచ్చిన వివరాల్లో థండర్‌బోల్ట్ లేదా యూఎస్‌బీ4 అని ఉందో లేదో చూసుకోవాలి. యూఎస్‌బీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పరికరాలను గ్రాఫిక్స్ కార్డుగా భ్రమపడి కొనేవారున్నారు. అవి మరో తెరను తగిలించడానికే పనికొస్తాయి, బొమ్మ గీసే శక్తిని ఇవ్వవు. పెట్టె, కార్డు, విద్యుత్ సరఫరా, మానిటరు అన్నీ కొనగలిగినవారు అదే ఖర్చుతో ఒక బల్ల కంప్యూటరును, డెల్టా ఊళ్లలో వాడుకగా సీపీయూ అని పిలిచే ఆ నిలువు పెట్టెను, కొనుక్కోవడమే తెలివైన పని. రేపు కార్డు పాతబడినా దాన్ని మార్చుకునే స్లాటు అందులో ఉంటుంది.

ఏది అవసరమన్నది చేసే పనిని బట్టి తేలాలి. విజయవాడ నుంచి బందరు వెళ్లే 65వ జాతీయ రహదారి, గుడివాడ మీదుగా భీమవరం వైపు సాగే 165వ జాతీయ రహదారి కలిసే పామర్రు వంటి కూడలి ఊళ్లలో ల్యాప్‌టాప్ మీద జరిగే బొమ్మల పనిని గమనిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. అనూ ఫాంట్లతో ఫ్లెక్సీలు తయారు చేసేవారికి ఫోటోషాప్, కోరెల్‌డ్రాలలో ప్రధానంగా కావలసినది పుష్కలమైన ర్యామ్, చురుకైన ప్రాసెసరు, వేగంగా చదివి రాసే ఎస్‌ఎస్‌డీ. పెళ్లి వీడియోలనో, పక్కనే ఉన్న కూచిపూడిలో నాట్య ప్రదర్శనలనో చిత్రీకరించి కూర్చేవారి విషయం మరింత ఆసక్తికరమైనది. 2011 నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనే ప్రత్యేక విభాగం ఉంది. కుదించి దాచిన వీడియోను విప్పడం, తిరిగి కుదించడం తప్ప దానికి మరో పని లేదు, ఆ పనిలో అది ఎంతో నేర్పరి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు రంగుల వివరాలను ఎక్కువగా నిలుపుకోవడానికి 10 బిట్ల 4:2:2 అనే పద్ధతిలో హెచ్‌265 వీడియోను రాస్తాయి. 11వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లోని అంతర్నిర్మిత గ్రాఫిక్స్ దీన్ని సునాయాసంగా విప్పుతుంది. ఎన్విడియా కార్డులకు ఆ వీలు 2025లో వచ్చిన 50 శ్రేణితోనే దక్కింది. అంటే అప్పటిదాకా ఎంతో డబ్బు పోసి కొన్న ఎన్విడియా విడి కార్డు చేయలేని పనిని, తక్కువ చూపుకు గురైన ఈ భాగమే చేస్తూ వచ్చింది. అంతకంటె పాత యంత్రాలున్నవారు వీడియోకు చిన్న పరిమాణపు నకలు, అంటే ప్రాక్సీ, తయారు చేసుకుని దాని మీద కూర్పు సాగించి, చివర్లో మాత్రం అసలు వీడియోతో ముగిస్తే యంత్రానికి చాలా భారం తగ్గుతుంది.

కృత్రిమ మేధ పాఠాలు చదివే ఇంజినీరింగ్ విద్యార్థుల అవసరం వేరు. వారికి గ్రాఫిక్స్ చిప్పు బొమ్మల కోసం కాక లెక్కల కోసం కావాలి, ఆ లెక్కలకు అంతర్నిర్మిత గ్రాఫిక్స్ చాలదు. వారికి గూగుల్ కొలాబ్ అనే సేవ బ్రౌజరులోనే ఉచితంగా, కొంతసేపటి వరకు, దూరాన ఉన్న టీ4 వంటి కార్డును వాడుకోనిస్తుంది. రద్దీని బట్టి కార్డు దొరకకపోవచ్చు, మధ్యలో తెగిపోవచ్చు కాబట్టి పనిని ఎప్పటికప్పుడు భద్రపరచుకుంటూ ఉండాలి. టీ4లో 16 జీబీల సొంత మెమరీ, సెకనుకు 320 జీబీల ప్రవాహం ఉంటాయి. అది కోరే విద్యుత్తు 70 వాట్లు, అంటే పలుచని ల్యాప్‌టాప్ అడాప్టరు మొత్తంగా ఇవ్వగలిగిన దానికంటె ఎక్కువ. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుళ్లు విద్యుత్ స్తంభాల మీదుగా పల్లెలకు వచ్చాయి, ఆనాడు దాని నెలసరి ప్యాకేజీ 149 రూపాయల నుంచి మొదలైంది. అటువంటి సాధారణ కనెక్షను ఈ పనికి సరిపోతుంది, ఎందుకంటే సెకనుకు 320 జీబీల ప్రవాహమంతా అక్కడి కార్డులోనే తిరుగుతుంది, పామర్రులోని ఇంటి దాకా రావలసినవి విద్యార్థి రాసిన నాలుగు పుటల ప్రోగ్రాము, దానికి తిరిగివచ్చిన ఫలితాలు మాత్రమే.